ఫోన్ నిండా పీడీఎఫ్‌లే, గైడ్‌కు చూపించడానికి ఒక్క ఆధారం లేదు

మర్రిగూడ వైపు ఓ పల్లె నుంచి ఒక అమ్మాయి రాశారు. పేరు, ఊరు, చదివే చోటు బయటపెట్టొద్దన్నారు. అవి వదిలేసి, ఆ పెద్ద ఉత్తరంలోని సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చివరి సెమిస్టర్. ప్రాజెక్టుకు ‘నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య’ అనే అంశం తీసుకున్నారు. కారణం ఇంట్లోనే ఉంది. నాయనమ్మకు మెడ, వెన్ను బిగుసుకుపోయాయి. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల ఒక్కటే తిప్పలేదు, మనిషి మొత్తంగా తిరగాలి. చిన్నప్పటి నుంచి అది చూస్తూ పెరిగిన మనవరాలు దాని మీదే రాయాలనుకున్నారు.

లాప్‌టాప్ లేదు. ఫోన్‌లో రోజుకు 1.5 జీబీ డేటా. గూగుల్‌లో వెతికి, యూట్యూబ్ వీడియోలు చూసి, టెలిగ్రామ్ గ్రూపుల్లో కనిపించిన పీడీఎఫ్‌లన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఇంగ్లిష్ వ్యాసాలు సగం అర్థం కాలేదు. దాంతో ఒక చాట్‌బాట్‌ను అడిగి, అది చెప్పిన విషయాన్ని, అది ఇచ్చిన వ్యాసాల పేర్లను డ్రాఫ్ట్‌లో పెట్టేశారు. గైడ్ ఆ డ్రాఫ్ట్ చూసి, చివరి పేజీలో ఐదు వ్యాసాల కింద గీతలు గీసి, "ఇవి ఎక్కడున్నాయో నాకు చూపించమ్మా" అన్నారు. వెతికితే ఐదింట్లో ఒక్కటీ లేదు. క్లాసులో అందరి ముందు జరగడంతో తలెత్తుకోలేకపోయానని, అప్పటి నుంచి ఆ సారుకు ఎదురుపడకుండా తిరుగుతున్నానని రాశారు.

ఇంట్లో ఇంకో టెన్షన్. "పొద్దంత ఫోన్ పట్టుకొని కూసుంటే అది చదువా?" అని అన్నయ్య కోపం. ప్రాజెక్టు ఎట్లనో ఒకట్ల ముగించి గ్రూప్స్‌కు ప్రిపేర్ కమ్మంటున్నాడు. స్నేహితురాలేమో, నల్గొండలో ఒక నెట్ సెంటర్‌కు ఆరు వేలు ఇస్తే బైండింగ్‌తో సహా ప్రాజెక్టు చేతికిస్తారని చెబుతోంది. గడువు ఇంకా ఆరు వారాలే.

ఆమె ప్రశ్నలు ఇవి. మంచి సమాచారం డబ్బున్నవాళ్లకే దొరుకుతుందా? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ 1 దాటొద్దని ఒకచోట, 1.5 దాటొద్దని ఇంకోచోట ఉంది, ఏది నమ్మాలి? అంశం మార్చుకోవాలా? నెట్ సెంటర్‌కు ఇచ్చేయాలా? గైడ్‌కు నిజం చెప్పాలా?

అమ్మా, మీ ప్రశ్నల్లో నేను ముందు పట్టుకునేది ఆ అంకెల సంగతి. 1, 1.5 రెండూ నిజమే. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. 2012 నాటి ఆ ప్రమాణంలో రెండు హద్దులు ఉన్నాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉంటే నీళ్లు మంచివే. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. మీరు చదివిన ఒకాయన మొదటిది రాశారు, ఇంకొకాయన రెండోది రాశారు. ఎక్కడి నుంచి తీసుకున్నారో ఇద్దరూ చెప్పలేదు కాబట్టి మీకు చిక్కు వచ్చింది. రెండు అంకెలు కలవడం లేదని చాలామంది గమనించనే గమనించరు. మీరు గమనించారు, ఏది నమ్మాలని అడిగారు. పరిశోధనకు కావాల్సింది ముందుగా అదే. అది మీ దగ్గర ఉంది.

లేనిదల్లా ఆధారం దాకా వెళ్లే అలవాటు. మీకు సమాచారం తక్కువై ఈ కష్టం రాలేదు, ఎక్కువై వచ్చింది. మీ వైపు పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు, బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి. పరీక్ష చేయిస్తేనే లోపల ఏముందో బయటపడుతుంది. నెట్‌లో దొరికే రాతలు కూడా అంతే. అచ్చు బాగుంటుంది, భాష గట్టిగా ఉంటుంది. ఎవరు రాశారు, ఎక్కడ అచ్చయింది, ఏ సంవత్సరం, ఆ రాసినవాళ్లకు ఎలా తెలిసింది అన్న నాలుగు సంగతులు అడిగితే సగానికి పైగా అక్కడే రాలిపోతాయి. టెలిగ్రామ్‌లో వచ్చిన పీడీఎఫ్‌లు ఒకసారి తెరిచి చూడండి. చాలావాటికి ముందు పేజీ ఉండదు. ప్రతి పేజీ మధ్యలో ఆ ఛానెల్ పేరు అడ్డంగా అచ్చయి ఉంటుంది, రచయిత పేరు మాత్రం ఎక్కడా కనబడదు. అలాంటిది చదువుకోవడానికి పనికిరావొచ్చేమో గానీ ప్రాజెక్టులో ఆధారంగా చూపలేరు. అసలు పుస్తకం పేరు తెలుసుకుని, దాన్ని వెతికి పట్టుకుంటే తప్ప.

చాట్‌బాట్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. అది ఎక్కడో దాచి ఉన్న వ్యాసాన్ని తీసి మీకు ఇస్తున్నదని మీరు అనుకున్నారు. అది చేసే పని వేరు. మాట తర్వాత ఏ మాట వస్తే సరిపోతుందో అంచనా కట్టి వాక్యాలు అల్లుతుంది. రెఫరెన్సు అడిగితే రెఫరెన్సులాగా కనిపించేది అల్లుతుంది. పత్రిక పేరు నిజమైనదే ఉండొచ్చు, రచయిత పేరు నమ్మేలాగే ఉండొచ్చు, సంపుటి, పేజీ నంబర్లు కూడా ఉంటాయి. వ్యాసం మాత్రం ఉండదు. దీన్ని తేల్చడం కష్టమేం కాదు. వ్యాసం పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. డీఓఐ (ఒక్కో వ్యాసానికి విడిగా ఉండే గుర్తింపు) నంబరు ఇస్తే ఆ నంబరు తెరిచి అదే వ్యాసం వస్తుందో లేదో చూడండి. పత్రిక వెబ్‌సైట్‌లో ఆ సంపుటి విషయసూచిక చూడండి. మూడు చోట్లా లేకపోతే అది లేనట్టే, కొట్టేయండి. అలాగని చాట్‌బాట్ ముట్టుకోవద్దనడం లేదు. ఇంగ్లిష్‌లో అర్థం కాని పేరా పెట్టి తేలిక మాటల్లో చెప్పమనండి, ఏ మాటలతో వెతికితే బాగుంటుందో అడగండి. అది ఇచ్చే పేర్లు, అంకెలు మాత్రం అసలు కాగితంలో మీ కళ్లతో చూశాకే రాయండి.

ఇక గైడ్ దగ్గరికి వెళ్లడం. ఏమీ చెప్పకుండా ఆ ఐదు తీసేసి కొత్త డ్రాఫ్ట్ ఇవ్వడం ఒక దారి. ఆయన మరిచిపోతే సరిపోతుంది. మరిచిపోకపోతే, మీరు ఈసారి నిజంగా చదివి పెట్టినవాటిని కూడా అనుమానంగానే చూస్తారు. వైవా రోజు దాకా ఆ భయం మీతోనే ఉంటుంది. రెండో దారి, వెళ్లి జరిగింది చెప్పడం. "సార్, చాట్‌బాట్ ఇచ్చిన పేర్లు చూసుకోకుండా పెట్టాను, అవి తీసేశాను, వీటి బదులు ఇవి చదువుతున్నాను" అని కొత్త వ్యాసాలు రెండు చేతిలో పట్టుకుని వెళ్లండి. ఒక మాట అంటే అంటారు. కానీ ఆయన అందరికీ వినబడేలా అడిగినా, అడిగింది ఆధారమే. ‘నువ్వు చదవలేవు’ అని ఎక్కడా అన్నట్టు మీ ఉత్తరంలో లేదు. నాకైతే ఈ రెండో దారే నచ్చింది. ఉత్త చేతులతో మాత్రం వెళ్లకండి, మాట సాగదు.

ఆ రెండు వ్యాసాలు ఎక్కడి నుంచి తేవాలంటారా? ఒకటి నేనే చెబుతాను, ఎలా దొరుకుతుందో కూడా చూడండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ సెంట్రల్ అనే సైట్ ఉంది. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ కూడా వద్దు. ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు, పళ్లకు వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. అందులో ఇంగ్లిష్‌లో ‘ఫ్లోరోసిస్ నల్గొండ’ అని కొట్టండి. 1955 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ‘ఫ్లోరోసిస్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్, హైదరాబాద్-దక్కన్’ అనే వ్యాసం పాత అచ్చు పేజీల స్కాన్‌తో సహా ఉంటుంది. మీ జిల్లా మనుషుల ఎముకల గురించి డెబ్బై ఏళ్ల కింద రాసిన కాగితం ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. డబ్బున్నవాళ్లకే దొరుకుతుందా అని అడిగారు కదా, దీనికి మీ రోజు డేటాలో పదో వంతు కూడా పట్టదు. గూగుల్ మొదటి పేజీలో అది కనిపించలేదు, అంతే తేడా.

ఆ వ్యాసం చేతికొచ్చాక రెండు వైపులకు నడవొచ్చు. చివర ఉన్న రెఫరెన్సులు మిమ్మల్ని వెనక్కి తీసుకుపోతాయి. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇప్పటి నెల్లూరు, ప్రకాశం వైపు, మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించిన సంగతి దాకా వెళ్తారు. ముందుకు రావాలంటే గూగుల్ స్కాలర్‌లో ఇదే పేరు కొట్టండి. కింద ‘సైటెడ్ బై’ అని చిన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే, తర్వాతి ఏళ్లలో ఈ వ్యాసాన్ని ప్రస్తావించినవన్నీ వరుసగా వస్తాయి. ఒక్క గట్టి వ్యాసం దొరికితే దాని చుట్టాలందరూ దొరుకుతారు. గుడ్డిగా వెతకడం కన్నా ఇది ఎంతో నయం.

వెతుకుతుంటే ఒక చిత్రం ఎదురవుతుంది, గాబరా పడకండి. ఇంగ్లిష్‌లో నల్గొండ అని కొడితే టాంజానియా, ఇథియోపియా గురించిన వ్యాసాలు కూడా వస్తాయి. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసి, దానికి మీ జిల్లా పేరే పెట్టింది. ఆ ‘నల్గొండ టెక్నిక్’ ఆఫ్రికా దాకా వెళ్లింది. మీకు కావాల్సింది పద్ధతి కాదు, ఊళ్లు, మనుషులు. కాబట్టి టెక్నిక్ అనే మాట ఉన్నవాటిని పక్కన పెట్టొచ్చు. అలాగే 1948కి ముందటి రాతల్లో నల్గొండ కన్నా ‘నిజామ్స్ డొమినియన్స్’ అనో ‘హైదరాబాద్ దక్కన్’ అనో ఎక్కువ కనబడుతుంది. దేవరకొండ స్పెల్లింగే రెండు మూడు రకాలుగా రాశారు. ఒక స్పెల్లింగుతో ఏమీ రాలేదని లేదనుకోకండి.

లెక్కల విషయంలో ఒక జాగ్రత్త. 2016 అక్టోబర్ 11న పాత నల్గొండ జిల్లా విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో ‘నల్గొండ జిల్లా’ అంటే 59 మండలాలు, దాదాపు 34.89 లక్షల జనం. ఆ జిల్లా అంకెను ఇప్పటి జిల్లా అంకె పక్కన పెట్టి ‘తగ్గింది’ అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. జిల్లా మొత్తం అంకె వదిలేసి మీ మండలం, మీ ఊరు అంకె తీసుకోండి. సెన్సస్ వెబ్‌సైట్‌లో నల్గొండ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ ఉచితంగా ఉంది. అందులో ఊరూరికీ తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, నల్లానా, బావా, చేతిపంపా, బోరా, విడివిడిగా రాసి ఉంటుంది. కేంద్ర భూగర్భ జల మండలి ప్రచురించే జిల్లా నివేదికల్లో బావుల నీటి పరీక్షల వివరాలు దొరుకుతాయి. ఫ్లోరైడ్ రాళ్లలోంచి నీళ్లలోకి ఎలా కరుగుతుందో ఆ నివేదికలు చెప్పినంత నమ్మకంగా యూట్యూబ్ వీడియోలు చెప్పవు. నల్గొండ ఫ్లోరైడ్ మీద పార్లమెంటులో ఏం అడిగారు, మంత్రులు ఏం చెప్పారు అన్నది కావాలంటే పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో వెతకండి.

ఇదే అంశం మీద ఇంతకుముందు పీహెచ్‌డీ చేసినవాళ్లు ఉంటారు. వాళ్ల థీసిస్‌ల కోసం శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతుంది. ఒక్కో చాప్టరు ఒక్కో పీడీఎఫ్‌గా ఉంటుంది కాబట్టి మీ డేటాకు సుఖం, కావాల్సిన చాప్టరే దించుకోవచ్చు. థీసిస్ అన్నంత మాత్రాన అంతా గొప్పగా ఉంటుందని కాదు. కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టు ఉంటాయి. వాటిలో నేనైతే ముందు ప్రశ్నావళి చూస్తాను. ఇంటింటికీ వెళ్లి ఏం అడిగారు, ఎంతమందిని అడిగారు అన్నది అనుబంధంలో ఉంటుంది. మీ ప్రశ్నావళి తయారుచేసుకోవడానికి అది మంచి నమూనా. నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా ఉంది, ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లది. ఏది ఎక్కడ ఉందో కనుక్కోవడానికి పనికొస్తుంది గానీ, కొన్ని లింకులు తీరా నొక్కితే చందాదారులకే తెరుచుకుంటాయి.

ఆ చందా అడ్డం వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ నడుపుతోంది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలకు ప్రభుత్వమే చందా కట్టింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు అవి ఉచితం. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి, మన సంస్థ ఈ పథకంలో నమోదైందా, క్యాంపస్ వైఫైలో తెరవాలా, ఇంటి దగ్గర వాడుకోవడానికి లాగిన్ ఇస్తారా అని అడగండి. "ఏమో తెలియదు" అంటే వదిలేయకండి, కనుక్కుని చెప్పమని మళ్లీ వెళ్లండి. మీ కోసం ప్రభుత్వం డబ్బు కట్టి పెట్టిన పత్రికలు అవి. విద్యార్థులు అడగకపోవడం వల్లే చాలాచోట్ల ఇలాంటివి మూలన పడి ఉంటున్నాయని నాకు బాధగా ఉంటుంది.

కొన్ని ‘ఇంటర్నేషనల్ జర్నల్’ అని పెద్ద పేరు పెట్టుకుని, డబ్బు కడితే రెండు రోజుల్లో ఏది పడితే అది అచ్చేస్తాయి. మీ డ్రాఫ్ట్‌లో అలాంటివి కూడా ఉండొచ్చు. యూజీసీ ఆమోదం అని ముద్ర వేసుకుంటే నమ్మేయకండి, మంచి పత్రికలని యూజీసీ ఇచ్చే కేర్ జాబితాను 2025లో ఆపేసింది. ఉచితంగా దొరికే మంచి పత్రికల జాబితా డీఓఏజే అనే సైట్‌లో ఉంటుంది. అనుమానం వస్తే పత్రిక పేరు అందులో చూడండి.

ఇంగ్లిష్ గురించి. మీరు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నవల చదివినట్టు చదవబోయి, రెండో పేజీలో ఆగిపోతున్నారు. పరిశోధన వ్యాసం అలా చదివేది కాదు. పైన చిన్న సారాంశం ఉంటుంది, అది చదవండి. తర్వాత నేరుగా పట్టికల దగ్గరికి వెళ్లండి. అంకెలకు మీడియం లేదు. ఎంతమందిని చూశారు, ఏ ఊళ్లలో, ఏ సంవత్సరం, ఏం తేలింది అన్నది అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత చివరి భాగం. ఇంతవరకు చదివాక అది మీకు అక్కరకొస్తుందనిపిస్తేనే మధ్యలోకి వెళ్లండి. ఒకే అంశం మీద వ్యాసాలు కాబట్టి అవే యాభై అరవై మాటలు మళ్లీమళ్లీ వస్తాయి. నాలుగో వ్యాసానికి వచ్చేసరికి డిక్షనరీ అవసరం తగ్గుతుంది.

ఇప్పుడు పెద్ద నిర్ణయం. మీ ముందు నాలుగు దారులున్నాయి.

నెట్ సెంటర్ దారి నుంచి మొదలుపెడతాను. ఆరు వేలకు వాళ్లు ఇచ్చేది ఎవరిదో పాత ప్రాజెక్టు, ఊరు పేరు మార్చి. పట్టుబడకపోవచ్చు కూడా, అది దాచను. పట్టుబడితే ఏమవుతుందో చూడండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే పరవాలేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల్లోపు తిరగరాసి ఇవ్వాలి. 40 దాటి 60 దాకా ఉంటే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. పైగా మీ గైడ్ ఇప్పటికే ఒకసారి గీతలు గీసి చూశారు, ఈసారి ఇంకా నిదానంగా చూస్తారు. అన్నిటికన్నా నాకు మనసొప్పనిది వేరే ఉంది. ఆ బైండింగ్‌లో మీ నాయనమ్మ ఉండదు.

అంశం మార్చుకోవడం రెండోది. స్వయం సహాయక సంఘాల లాంటి అంశమైతే తెలుగులోనే బోలెడు సమాచారం, గైడ్ కూడా ఒప్పుకోవచ్చు. కానీ ఆరు వారాల్లో మళ్లీ మొదటి నుంచి. వెతికే పద్ధతి మారకపోతే అక్కడా ఇదే తంతు. మీ మనసు నిజంగానే ఈ అంశం మీద విరిగిపోతే తప్ప ఇది చేయొద్దు.

గడువు పెంచమని అడగడమో, వచ్చేసారి ఇస్తాననడమో మూడోది. పని నిదానంగా, బాగా జరుగుతుంది. ఫీజు మళ్లీ కట్టాల్సి రావొచ్చు, సర్టిఫికెట్ ఆలస్యమవుతుంది, ఈలోపు నోటిఫికేషన్ వస్తే ఇంట్లో మాట పడాలి. ఒంట్లో బాగాలేకనో, ఇంట్లో ఎవరికైనా బాగాలేకనో అయితే మొహమాటం లేకుండా అడగండి. లేకపోతే దీన్ని చివరికి ఉంచుకోండి.

నాలుగోది, అంశం ఇదే ఉంచి చిన్నది చేసుకోవడం. ‘నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య’ అన్నది ప్రాజెక్టు అంశం కాదమ్మా, అది ఒక సంస్థ పదేళ్లు చేసే పని. అంత వెడల్పు పెట్టుకుని వెతికారు కాబట్టే ఫోన్ నిండిపోయింది. మీ ఉత్తరంలోనే ఒక మంచి ప్రశ్న ఉంది. "నీళ్లలో ఫ్లోరైడ్ లేదంటున్నారు, మా నాయనమ్మకు తగ్గలేదు" అని రాశారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. సర్కారు లెక్క సరఫరా అయ్యే నీళ్లది. ఇంటికి నల్లా నీళ్లు వచ్చిన రోజు ఊరు ఫ్లోరైడ్ ఊళ్ల జాబితాలోంచి పోతుంది. ఇరవై ముప్పై ఏళ్లు తాగిన నీళ్లు ఎముకల్లో చేసిన పని పోదు. కాబట్టి ప్రశ్నను ఇలా పెట్టుకోండి: మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక, మా ఊళ్లో ఫ్లోరోసిస్ ఉన్న ఆడవాళ్లు ఇంటి పని, కూలి పని ఎలా నెట్టుకొస్తున్నారు? ఒక ఊరు, పాతిక ముప్పై ఇళ్లు. ఏ పని మానేశారు, ఎవరు ఆసరా ఉంటున్నారు, సదరం సర్టిఫికెట్ వచ్చిందా, పింఛను అందుతోందా. ఈ జవాబులు ఏ డిజిటల్ లైబ్రరీలోనూ లేవు. వాళ్లతో మాట్లాడి రాసుకున్న కాగితమే మీ అసలు ఆధారం. పైన చెప్పినవన్నీ దానికి వెనుక నిలబడతాయి.

ఇందులోనూ కష్టం ఉంది. ఇల్లిల్లూ తిరగాలి, కొందరు మాట్లాడరు, కొందరు "రాసుకుంటే ఏమొస్తది బిడ్డా" అంటారు. చెప్పి, వాళ్ల ఒప్పుకోలు తీసుకున్నాకే రాసుకోండి. పేర్లు రాయకుండా నంబర్లు పెట్టండి. నాయనమ్మనూ అలాగే అడగండి, మన ఇంటి మనిషే కదా అని అడగకుండా రాయొద్దు. అంశం మార్పు కాదు, కుదింపు కాబట్టి గైడ్ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆరు వారాలకు సరిపోయే పని ఇది అని నా నమ్మకం. నిర్ణయం మీది.

పాత వార్తలు కావాలంటే ఫోన్‌ను నమ్ముకోకండి. పత్రికల జిల్లా ఎడిషన్లు చాలావరకు కొన్నేళ్ల వెనక్కి మించి నెట్‌లో దొరకవు. నల్గొండ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, పాత సంచికలు బైండు చేసి ఉంచారేమో అడగండి. రీడింగ్ హాల్ గ్రూప్స్ చదివేవాళ్లతో నిండి ఉంటుంది. మీరూ రేపు అక్కడే కూర్చోవాల్సినవారే కాబట్టి దారి తెలిసి ఉండడం మంచిదే.

అన్నయ్యతో వాదన పెట్టుకోకండి. ఫోన్‌లో వీడియో చూసినా, 1955 నాటి వ్యాసం చదివినా పక్కనుంచి చూసేవాళ్లకు ఒకేలా కనబడుతుంది, ఆయన తప్పు కూడా కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. క్యాంపస్ వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి, ఇంటి దగ్గర ఫోన్ పక్కన నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని చదవండి. ఒక్కో వ్యాసానికి ఒక్కో పేజీ: ఎవరు రాశారు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఏ పేజీలో ఏ మాట మీకు పనికొచ్చింది, ఎక్కడ దొరికింది. మీకు నచ్చని సంగతి, అనుమానం వచ్చిన అంకె కూడా అక్కడే రాసుకోండి. చివర్లో రెఫరెన్సుల కోసం వెతుక్కునే బాధ ఉండదు. గ్రూప్స్ సంగతికి వస్తే, ఆరు వారాల తర్వాత ఫలానా తారీఖు నుంచి మొదలుపెడతానని అన్నయ్యకు స్పష్టంగా చెప్పండి. తారీఖు లేకుండా ‘తర్వాత’ అంటే ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరదు.

ముందు గైడ్‌ను కలవండి. 1955 వ్యాసం ప్రింటు తీసుకుని, కుదించిన ప్రశ్న ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆయన ఒప్పుకున్నాక ప్రశ్నావళి తయారుచేసి, ఇళ్లకు వెళ్లేలోపు నాకు పంపితే చూసి చెబుతాను. లైబ్రరీలో చందా పత్రికల లాగిన్ విషయం తేలకపోతే అది కూడా రాయండి, ఎవరిని అడగాలో చూద్దాం.